పద్నాలుగో పేజీ సముద్రం

రస్సెల్ కెరెకెస్ అంటే అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఎవరికీ పెద్దగా తెలియదు. సిటీ బస్సుల షెడ్డులో ముప్ఫై నాలుగేళ్లు ఇంజన్ల కింద వెల్లకిలా పడుకుని పనిచేసి రిటైరైన మనిషిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? కానీ ఇవెలిస్ రొసారియో నడిపే కామిక్స్ దుకాణంలోకి వెళ్ళి "పద్నాలుగో పేజీ ఆయన ఉన్నారా?" అని అడిగితే చాలు, వెనక గదివైపు చెయ్యి చూపిస్తారు. చూపించేటప్పుడు కొంచెం నవ్వుతారు కూడా. ఆ నవ్వును రస్సెల్ గౌరవం కిందే తీసుకునేవాడు.

ఆ వెనక గదిలో ప్రతి శనివారం పొద్దున ఒక పాత సంచికను బల్ల మీద పెట్టి విచారణ చేస్తారు. యాభై, అరవై ఏళ్ల కిందటి శూరుల కథలవి. ముసుగులు, వీపున ఎగిరే శాలువాలు, గుప్పెటతో కూలిపోయే మేడలు. విచారణకో పద్ధతుంది. ముందు తప్పులన్నీ చెప్పాలి. తప్పులు పూర్తయ్యేదాకా ఎవరూ మెచ్చుకోకూడదు. మూడో పేజీలో ఎడమ చేతికున్న కట్టు నాలుగో పేజీలో కుడి చేతికి ఎలా వచ్చింది? మంగళవారం పేలాల్సిన బాంబు గురువారం దాకా ఎందుకు ఆగింది? ఇలాంటి వాటిలో రస్సెల్‌కు ఎదురులేదు. ఆయన మొదలుపెట్టాడంటే మెచ్చుకునే వంతు వచ్చేసరికి కాఫీ చల్లారిపోయి, సగంమంది ఇళ్ళకు వెళ్ళిపోయి ఉండేవారు.

అలాగని ఆయనకు ఆ పుస్తకాలంటే పడదనుకుంటే పొరపాటే. గిట్టనివాడెవడూ ఒక పుస్తకాన్ని రెండు వందలసార్లు చదవడు. అంత ఇష్టమున్న మనిషి నోట ఎప్పుడూ తప్పులే ఎందుకొస్తాయంటే మాత్రం దానికి మూలం ఆయన పదమూడో ఏట ఉంది.

అప్పుడు ఆయనకు ప్రాణమైన పుస్తకం "హార్బర్ మ్యాన్". దీపస్తంభం కాపలాదారు ఒకడు నీళ్ళలో దిగితే చాలు, పది ఏనుగుల బలం వస్తుంది. నలభై ఒకటో సంచికలో బడిపిల్లలతో పోతున్న పడవ మునుగుతుంది. పద్నాలుగో పేజీ నిండా ఒకటే బొమ్మ. హార్బర్ మ్యాన్ పడవను పిల్లలతో సహా భుజాల మీద ఎత్తుకుని నీళ్ళలోంచి పైకి వస్తున్నాడు. ఒళ్ళు జలదరించాల్సిన చోటు. కానీ ఆ పేజీలో సముద్రం పసుపుపచ్చగా ఉంది. దీపం వెలుగు నీలంగా ఉంది. వీరుడి నీలం శాలువా పసుపైపోయింది. పిల్లల మొహాలు వంకాయ పువ్వు రంగులో ఉన్నాయి. పదమూడేళ్ల రస్సెల్‌కు ఒళ్ళు మండి పత్రిక వాళ్ళకు ఉత్తరం రాశాడు. నాలుగు నెలల తర్వాత నలభై ఐదో సంచిక ఉత్తరాల పేజీలో పేరుతో, ఊరితో సహా అది అచ్చయింది. "పద్నాలుగో పేజీకి రంగు వేసిన పెద్దమనిషి చేతిలోంచి కుంచె లాక్కుని చీపురు ఇవ్వండి. చీపురుకు రంగులతో పనిలేదు."

వాళ్ళ నాన్న పోతపని ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చదువు అంతంతమాత్రం. ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకుని విని, కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు రస్సెల్ ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ తర్వాత ఆయన రెండు వందల పైచిలుకు ఉత్తరాలు రాశాడు. ఒక్కటీ వేసుకోలేదు. అరవై ఐదేళ్ల జీవితంలో తన పేరు అచ్చులో చూసుకున్నది ఆ ఒక్కసారే.

అలాంటివాడికి ఆ ఏడాది వేసవిలో పుస్తకాల కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. హార్బర్ మ్యాన్ కథలన్నీ కలిపి పెద్ద గట్టి అట్ట పుస్తకం వేస్తున్నారట. పాత తప్పులు దిద్ది మరీ వేస్తారట. నలభై ఒకటో సంచికలో తప్పులన్నీ తెలిసిన మనిషి మీరేనని విన్నాం, సోమవారం లోపల జాబితా పంపితే మొదటి పేజీలో "సవరణలు: రస్సెల్ కెరెకెస్" అని వేస్తాం అన్నారు. రస్సెల్ ఆ ఉత్తరాన్ని చొక్కా జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాడు. ఒహాయోలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాడు. నలభై మూడు తప్పులతో జాబితా తయారుచేశాడు. అందులో మొదటిది ఏదో వేరే చెప్పక్కర్లేదు.

శుక్రవారం ఆ జాబితా ఇవెలిస్‌కు చూపించాడు. ఇవెలిస్ నలభై ఏళ్ల మనిషి, నాలుక కొంచెం పదును.

"రస్సెల్ గారూ, ఈ పద్నాలుగో పేజీ తప్పేనని మీకు ఖాయంగా తెలుసా?"

"సముద్రం పసుపుగా ఉంటే తప్పు కాక ఏమిటమ్మా?"

"ఏమో, కావాలనే అలా వేశారేమో. పుస్తకంలో వేసేస్తే ఇంక మారదు. మా అమ్మ వెళ్ళే చర్చిలో కన్సెట్టా మరూచి అని ఒకావిడ ఉంది. ఎనభై ఐదేళ్ళు. ఈ పుస్తకాలకు రంగులు వేసే ఇక్కడి ప్లాంటులో ఇరవై రెండేళ్ళు చేసింది. వెళ్ళి అడగరాదూ?"

"ఇక్కడంటే ఎక్కడ?"

"నది అవతల. మీ ఇంటి నుంచి బస్సులో పన్నెండు నిమిషాలు."

ఆ పేజీ న్యూయార్క్‌లో ఏదో ఎత్తైన మేడలో తయారైందని రస్సెల్ అర శతాబ్దంగా అనుకుంటున్నాడు. మర్నాడు శనివారం విచారణ కూడా మానేసి బస్సెక్కాడు. నిజం చెప్పాలంటే ఆయన సందేహం తీర్చుకోవడానికి పోలేదు. ఒక సాక్షి చేత కూడా అవునవునని అనిపించుకుందామని పోయాడు. దారి పొడవునా బస్సు ఇంజన్ చప్పుడు విని, రెండో గేర్ దగ్గర లోపం ఉందని డ్రైవరుకు చెప్పి మరీ దిగాడు.

కన్సెట్టా పొయ్యి మీద చిక్కుళ్ళు, ఆకుకూర వేసి పులుసు కాస్తోంది. ఇవెలిస్ వాళ్ళమ్మ ముందే చెప్పి ఉంచినట్టుంది, ఎవరు నువ్వని అడగలేదు.

"కూర్చో అబ్బాయ్. బల్ల మీద మోచేతులు పెట్టకు, ఊగుతుంది."

అరవై ఐదేళ్ల అబ్బాయ్ మోచేతులు తీసేసి, సంచిలోంచి నలభై ఒకటో సంచికను ప్లాస్టిక్ తొడుగులోంచి బయటికి తీశాడు. ఆవిడ చేతులు తుడుచుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, అట్ట వైపు చాలాసేపు చూసింది.

"ఇదేనా అది? ఇలా ఉంటుందా?"

"మీరు చూడలేదా దీన్ని?"

"మాకెవరిచ్చారు నాయనా పుస్తకాలు?"

"కొనుక్కోవచ్చుగా. ప్రతి కొట్లోనూ దొరికేవి."

"పొద్దుటినుంచీ సాయంత్రం దాకా పిండి పిసికినవాళ్ళు ఇంటికెళ్ళి రొట్టెలు చేసుకుంటారా? నలుగురు పిల్లలు నాకు. పనైతే చాలు, చేతులు కడుక్కుని పరుగే." మొదటి పేజీ తిప్పింది. "ఇంత నీలమా? నేను ఇంత నీలం అనుకోలేదు."

"మీరే కదండీ రంగు వేసింది."

ఆవిడ నవ్వింది. "రంగు వేశాను, రంగు చూళ్ళేదు. విను. బొమ్మ మీద ఎవరో పెద్దాయన అంకెలు వేసి పంపేవాడు. చొక్కాకి ఇన్ని పాళ్ళు పసుపు, ఇన్ని పాళ్ళు ఎరుపు అని. మేము అద్దంలాంటి ప్లాస్టిక్ షీట్లు బొమ్మ మీద పరిచి, ఆ రంగు పడాల్సిన చోటల్లా కుంచెతో పూసేవాళ్ళం. పసుపుకి మూడు షీట్లు, పలచన, సగం, నిండు. ఎరుపుకి మూడు, నీలానికి మూడు. పేజీకి తొమ్మిది. మేం పూసే రంగు మాత్రం అన్నిటికీ ఒకటే. ఇటిక రంగు."

"అన్నీ ఇటిక రంగేనా?"

"అన్నీను. షీట్లను ఫోటో తీసి అచ్చు పలకలు చేసే కెమెరాకి అదే కావాలి. ఆకాశం వేసినా ఇటికే, గడ్డి వేసినా ఇటికే. ఏది ఏ రంగో బుర్రలో పెట్టుకోవడమే."

చిన్నప్పటి నుంచీ తను చూసిన సూర్యాస్తమయాలు, మంటలు, చీకటి సందుల్లో మెరిసిన ముసుగులు అన్నీ రస్సెల్ కళ్ళ ముందు తిరిగాయి. ఆ లోకాలన్నిటికీ రంగులద్దినవాళ్ళు ఇటిక రంగు తప్ప మరొకటి చూడకుండా, మనసులోనే ఇంద్రధనుస్సును మోసుకుంటూ ఇంటికి వెళ్ళి పిల్లలకు అన్నాలు పెట్టారు. బస్సు ఇంజన్‌ను విప్పి మళ్ళీ బిగించడం పెద్ద విద్య అని ఆయన ఇన్నాళ్ళూ గర్వపడ్డాడు. ఆ గర్వం ఆ వంటింట్లో చాలావరకు కరిగిపోయింది.

కన్సెట్టా మాత్రం పేజీలు తిప్పుతూనే ఉంది. నాలుగో పేజీ దగ్గర ఆగింది. "ఇది మార్జ్ చెయ్యి. చెవుల దగ్గర గీత దాటేది ఎప్పుడూ. ఎడమచేతి వాటం మనిషి." ఆరో పేజీ. "ఇది హెలెన్. ఆకాశం వేసేటప్పుడు కూనిరాగాలు తీసేది, కుంచె కూడా దాంతోపాటే ఊగేది. చూడు, మబ్బు అంచు ఎలా ఊగిందో."

రస్సెల్ జేబులోంచి జాబితా తీశాడు. ఏడో తప్పు: చెవులు గీత దాటాయి, నాలుగో పేజీ. పదకొండో తప్పు: మబ్బు అంచులు నిర్లక్ష్యం, ఆరో పేజీ. ఆవిడ చెబుతున్నకొద్దీ ఒక్కో తప్పూ ఒక్కో మనిషిగా మారిపోతోంది. పైగా ఆయనకు కనబడనివి ఇంకో తొమ్మిది పట్టుకుంది. ఎనిమిదో పేజీ గుంపులో మూలనున్న ఒకడి చేతికి అసలు రంగే పడలేదు. రెండు వందలసార్లు చదివిన రస్సెల్ దాన్ని ఏనాడూ చూడలేదు.

పద్నాలుగో పేజీ వచ్చింది. ఆవిడ గోటితో అలల అంచులు మెల్లగా తడిమింది. పడవ అంచు, పిల్లల జుట్టు, తాళ్ళు, ఒక్కోటీ.

"అంచులు బాగానే వచ్చాయి," అంది చివరికి. "ఇది నాది."

రస్సెల్ జాబితాలో మొదటి వరుస మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ పిల్ల మెడలో గుడ్డ ఏ రంగుంది?" అని అడిగింది ఆవిడ.

"ఆకుపచ్చ."

"సరిగ్గానే ఉందిగా? ఆ పిల్లాడి టోపీ?"

"ఎరుపు. అదీ సరిగ్గానే ఉంది."

"ఆకుపచ్చకి పసుపు, నీలం సమానంగా వేస్తాం. అటుదిటూ ఇటుదటూ మారినా అది అదే. ఎరుపు షీట్లు తారుమారు కాలేదు, అందుకని ఎరుపు ఎరుపే. మొహాలకి కాస్త పసుపు, కాస్త ఎరుపు. పసుపు చోట నీలం పడితే ఇదిగో, ఇలా ఊదాగా వస్తుంది. ఆ రోజు మూడూ యాభైకి షీట్లన్నీ అయ్యాయి. నాలుగింటికి లారీ. తొమ్మిదీ ఇటిక రంగే కదా. పైన పేర్లు రాసేటప్పుడు పసుపు కట్ట మీద నీలం అని, నీలం కట్ట మీద పసుపు అని రాసేశా. అంతే జరిగింది."

రస్సెల్ పేజీని దగ్గరకు లాక్కున్నాడు. మనసులో ఆ రెండు రంగుల్నీ తారుమారు చేసి చూశాడు. సముద్రం నీలమైంది. దీపం వెలుగు పసుపుగా పదకొండుమంది పిల్లల చెంపల మీద పడింది, ఒక్కో చెంప మీద ఒక్కోలా. వందల అలలు, లేతవి, ముదురువి, నల్లగా లోతున్నవి, ఒక్కటంటే ఒక్కటి గీత దాటలేదు. నలభై మూడు తప్పుల సంచికలో ఈ పేజీ ఒక్కటే నిక్కచ్చిగా ఉంది. పైన రాసిన పేర్లు తప్ప ఇంకేమీ తప్పు లేదు. ఇంత గొప్ప పని యాభై రెండేళ్లు తన చేతుల్లోనే ఉంది. పసుపు దగ్గరే కళ్ళు ఆగిపోయి, మిగతాది చూడలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని దాచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

"ఎంతసేపు పట్టింది దీనికి?"

"రెండున్నర రోజులు. మామూలుగా ఒక్క పేజీకి అంత ఇవ్వరు. అలలున్నాయి కదా, నాకిమ్మని అడిగి తీసుకున్నా. మా నాన్నది చేపల పడవ." కన్సెట్టా లేచి పులుసు కలిపింది. "తప్పు జరిగిందని నాకెలా తెలిసిందనుకున్నావ్? ఉత్తరాల పేజీ చుట్టూ అంచు వేసేది కూడా నేనే. నలభై ఐదో సంచికది నా బల్ల మీదకే వచ్చింది. ఎవడో రాశాడు, వీడికి చీపురివ్వండని. ఆ ఉత్తరం చుట్టూ నా చేత్తోనే అంచు పూశా. పూసి, పేజీ మాత్రం చూడకూడదనుకున్నా. ఇవాళే చూడ్డం."

ఈ మాట విన్నాక కూడా రస్సెల్‌కు ఇంటికి వెళ్ళిపోయే వీలుంది. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. కానీ ఆ పేజీ చూశాక అబద్ధం ఆడటానికి నోరు రాలేదు.

"ఆ ఉత్తరం రాసింది నేనేనండీ."

గరిటె ఆగింది. ఆవిడ తిరిగి చూసింది, కిందనుంచి పైదాకా.

"నువ్వా?"

"నేనే. పదమూడేళ్లప్పుడు."

"పదమూడా! నేను ఎవడో తాగుబోతు బడిపంతులు అనుకున్నా ఇన్నాళ్ళూ. పదేళ్ళు నన్ను ప్లాంటులో చీపురమ్మా అని పిలిచారు, తెలుసా? మార్జ్ అయితే నా పుట్టినరోజుకి నిజంగానే చీపురు కొని ఇచ్చింది."

"చాలా తప్పు చేశానండీ."

"అదుగో, ఆ మూలనుంది. తియ్. వంటిల్లు ఊడ్చెయ్."

రస్సెల్ లేచి ఊడ్చాడు. "బల్ల కింద కూడా," అంది ఆవిడ. బల్ల కింద కూడా ఊడ్చాడు. ఇంజన్ల కింద అన్నేళ్ళు దూరినవాడికి బల్ల కింద దూరడం కష్టమేమీ కాలేదు. లేచి నిలబడేసరికి పులుసు గిన్నె తన ముందుంది, పక్కన రొట్టె ముక్క కూడా ఉంది.

"ఆ ఉత్తరం వచ్చాకే ఒక అలవాటు చేశాం," అంది కన్సెట్టా తింటూ. "ఎవరి షీట్లయినా పంపే ముందు పక్కమనిషి చేత చూపించాలి. 'పద్నాలుగు చూడవే' అనేవాళ్ళం. ప్లాంటు మూసేసేదాకా అదే మాట. ఇంకెప్పుడూ పేర్లు తారుమారు కాలేదు."

"ఆ పేజీని అలాగే ఉంచమని రాస్తానండీ. దిద్దక్కర్లేదు. అది ఎంత గొప్పదో..."

"మతి ఉందా నీకు? నా తప్పుని గట్టి అట్ట వేసి అమ్ముతారా? దిద్దమను. నా సముద్రం నీలం."

రస్సెల్ జాబితా తిరగేసి, వెనక వైపు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఏ పేజీ ఎవరి చెయ్యో అడిగాడు, ఆవిడ చెప్పింది. మొత్తం ఆరుగురు. అయిదుగురు పోయారు.

సోమవారం పొద్దున కంపెనీకి ఫోన్ చేశాడు. పద్నాలుగో పేజీలో పసుపు, నీలం తారుమారు చేస్తే చాలు, ఇంకేమీ ముట్టుకోవద్దని చెప్పాడు. మిగతా తప్పులు ఉంటే ఉండనివ్వమన్నాడు. తర్వాత ఆరు పేర్లు చదివి, వాటిని అచ్చు వేయమన్నాడు.

అవతల ఉన్నది కుర్ర సంపాదకుడు, మంచివాడే. "చాలా బాగుంది సార్. కానీ ఆ పేజీలో ఒక్క వరుసకే చోటుంది. మిగతాదంతా ప్రింటుకు సిద్ధమైపోయింది. మీ పేరు ఉంచమంటారా, వాళ్ళవి వేయమంటారా?"

రస్సెల్ వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పి ఉంటే అందంగా ఉండేది, కానీ చెప్పలేదు. జేబులో ఉత్తరం ఉంది. చెల్లెలికి చెప్పేసి ఉన్నాడు. నాన్న ఉంటే ఎలా వినేవాడో కూడా ఊహించుకుని ఉన్నాడు. ఫోన్ పట్టుకుని కిటికీలోంచి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. అవతల కుర్రాడు లైను తెగిందేమోనని "సార్?" అన్నాడు.

"వాళ్ళవి," అన్నాడు రస్సెల్. ఫోన్ పెట్టేశాక ఒక అరగంట బాధపడ్డాడు కూడా.

పుస్తకం నవంబరులో వచ్చింది. ఆ శనివారం ఇవెలిస్ కారులో వెళ్ళి కన్సెట్టాను దుకాణానికి తీసుకొచ్చింది. వెనక గదిలో ఉన్న అయిదుగురూ, గడ్డాలు నెరిసినవాళ్ళే, ఆవిడ రాగానే లేచి నిలబడ్డారు. ఎవరూ లేవమనలేదు. కుర్చీ ఒకరు లాగారు, కోటు ఒకరు అందుకున్నారు. ఆవిడ పద్నాలుగో పేజీ తెరిచింది. నీలం సముద్రం. దాని మీద దీపం వెలుగు, పదకొండు మొహాలు. ఆవిడ చాలాసేపు చూసి, "చాలు" అంది.

తర్వాత మొదటి పేజీకి తిప్పి, వేలు పెట్టి ఒక్కో పేరూ పైకి చదివింది. మార్జ్ టోత్. హెలెన్ పావ్లిక్. డొలొరెస్ ఫెరైరా. ఆగ్నెస్ రిచీ. వెరా కోస్టా. ఒక్కో పేరు దగ్గర ఆగి, ఆ మనిషి పక్కనే కూర్చుని ఉన్నట్టు కొంచెం నవ్వింది. ఆరో పేరు దగ్గర వేలు ఆగింది. పుస్తకాన్ని రస్సెల్ వైపు జరిపింది.

"ఇది నువ్వు చదువు అబ్బాయ్. నా పేరు నేను చదువుకుంటే ఏం బాగుంటుంది?"

రస్సెల్ కళ్ళద్దాలు సరిచేసుకుని, లేచి నిలబడి, అందరికీ వినబడేలా ఆ పేరు చదివాడు.